రాజన్న రక్తంలో రెండో పశువు

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా ఊళ్లో అందరూ మొదట అడిగింది, చార్మినార్ ఎక్కావా అని. ఎక్కలేదు. దాని పక్కనుంచి ఆ వారం రోజుల్లో ఎన్నిసార్లు అటూ ఇటూ పోయానో లెక్కలేదు. దాదాపు ప్రతిసారీ ఒళ్లో పశువుల రక్తం మోసే ఐసు డబ్బా. ఆ డబ్బాతో మెట్లెక్కనిస్తారో లేదోనని దిగనేలేదు.

ఇది 2003 చలికాలం మాట. అప్పుడు నేను పశువైద్యంలో పై చదువు చదువుతున్నాను. ఒక ఆబోతు ఒడ్డూ పొడుగూ చక్కగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద దాని వీర్యకణాలు చేపపిల్లల్లా ఈదుతూ కనిపిస్తాయి. అయినా అది దాటిన ఆవులు చూడి కట్టవు. అలాంటి వాటి రక్తంలో జన్యువుల స్థాయిలో ఏదైనా గుర్తు దొరుకుతుందా అన్నది నా పరిశోధన. ఆ గుర్తుల్నే మేం మార్కర్లంటాం. మా ఒంగోలు చుట్టుపక్కల పదకొండు ఆబోతుల రక్తం తీశాను. పరీక్ష చేసే లాబ్ హైదరాబాదులో ఉంది. పన్నెండో ఆబోతును మా మామయ్య అక్కడే వెతికిపెట్టాడు.

మామయ్య ప్రభుత్వాఫీసులో గుమాస్తా. లాల్‌దర్వాజాలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకుని పదేళ్లుగా ఉంటున్నాడు. "మా ఇంటాయనకో ఆబోతుందే అమ్మాయ్. ఏడాదిగా ఒక్క ఆవూ కట్టడం లేదట. నువ్వెలాగూ వస్తున్నావుగా, అదేమిటో చూసిపెట్టు" అని ఫోనులో చెప్పాడు. అద్దె ఇంటి మొహమాటం ఆ గొంతులో నాకు బాగానే వినిపించింది.

లాల్‌దర్వాజా

మహంకాళి గుడి దాటాక సందు ఇంకా సన్నబడింది. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకు అంటుకుని నిలబడాలి. అలాంటి సందులో ఒంగోలు ఆబోతు ఉంటుందంటే నేను నమ్మలేదు. ఇంటి ముందర చిన్న పాల దుకాణం, వెనక వాకిలి, వాకిలి చివర రేకుల కొట్టం. అందులో నాలుగు ఆవులు, ఒక పక్కన అది. మెడ మీద మూపురం కొట్టం దూలాన్ని తాకేలా ఉంది. మా వైపు ఆబోతుకు పొలమంతా తనదే. ఇది మాత్రం పుట్టిన దగ్గర్నుంచి ఆ వాకిలీ ఈ సందూ తప్ప ఎరగదట. ఇక్కడ పచ్చగడ్డి కూడా మోపుల లెక్కన కొంటారు. మోపు పదిహేను రూపాయలని విని, గట్ల మీద ఊరికే కోసుకొచ్చే మా వాళ్లు గుర్తొచ్చి ఆశ్చర్యపోయాను.

ఇంటాయన పేరు మల్లేశం. నలభై ఏళ్లుంటాయి. మూడు తరాలుగా పాల వ్యాపారం.

"రాండ్రి డాక్టరమ్మా. గిదే మా రాజన్న. దీని తల్లి మీ ఒంగోలుకెళ్లే వచ్చింది" అన్నాడు.

"ఒంగోలు ఎందుకు వెళ్లిందండీ?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఎందుకేంది? పుట్టిందే ఆడ. ఆడికెళ్లి మా బాపు కొనుక్కొచ్చిండు."

నాకింకా అర్థం కాలేదు. మామయ్య నవ్వాపుకుంటూ, "ఇక్కడ 'కెళ్లి' అంటే 'నుంచి' అనమ్మాయ్. ఆవు ఎక్కడికీ ప్రయాణం చేయలేదు" అన్నాడు. ఆ ఊళ్లో నా అయోమయం అలా మొదలైంది. మాట తెలుగే, అర్థం మాత్రం ఎదురు దిక్కున పోతోంది.

మల్లేశం అసలు సంగతికొచ్చాడు. "బస్తీల మస్తు లొల్లయితుందమ్మా. ఆవుల్ని తోల్కొచ్చి దాటిచ్చుకున్నోళ్లంత ఇప్పుడు ఇంటి ముంగట నిలవడి అడుగుతున్నరు. ఒక్కటి గుడ కట్టలే. ఆసుపత్రోళ్లేమో చూసి మంచిగనే ఉందన్నరు. మావోడు పనికొస్తడా రాడా, గదొక్కటి జెప్పు. రాడంటే ఇంట్ల ఉంచుకునుడు కష్టమే."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ఆబోతు వైపు చూడలేదు. అమ్మేయడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

మెడ నరం నుంచి ఒక గొట్టం రక్తం తీశాను. రాజన్న కదల్లేదు. మల్లేశం తల్లి ఈశ్వరమ్మ దాని గంగడోలు నిమురుతూ నిలబడింది. డెబ్బై ఏళ్ల మనిషి. భోజనానికి పైకి ఒక గిన్నె పంపింది. అత్తయ్య మూత తీసి, "పచ్చిపులుసు. మన వాళ్లకి కాచని పులుసు పోసుకోవడం చేతకాదు. నాకైతే ఇప్పుడిది లేకపోతే ముద్ద దిగదు" అంది. నాకు మొదటి ముద్ద వింతగా ఉంది. మూడో ముద్దకి ఇంకాస్త పోయమన్నాను.

లాబ్

మర్నాడు పన్నెండు గొట్టాలూ లాబ్‌లో ఇచ్చాను. నగరం అటు చివర ఉందది. రెండో రోజు సాయంత్రం రమ్మన్నారు. వెళ్లాను. అక్కడ ఈ పని చూసే మేడమ్ యాభై ఏళ్ల ఆవిడ, మృదువుగా మాట్లాడుతుంది. అందుకే ఆవిడ అన్న మాట నాకు వెంటనే తగల్లేదు.

"సుజాతా, పన్నెండో గొట్టంలో రెండు పశువుల రక్తం కలిపావా?"

ఒక ఫొటో నా ముందు పెట్టింది. నల్లటి కాగితం మీద నిచ్చెన మెట్లలా తెల్లటి గీతలు. ప్రతి జీవికీ ఒక్కో మార్కర్ దగ్గర తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. అంటే రెండు గీతలకు మించి రాకూడదు. మా పదకొండు ఆబోతులకూ అలాగే ఉన్నాయి. రాజన్న దగ్గర ఒకచోట మూడు, ఇంకోచోట నాలుగు.

"లేదు మేడమ్. ఒక్కదాని నుంచే తీశాను."

"సిరంజి మార్చావా?"

"కొత్తది మేడమ్. కవరు చింపి తీసిందే."

"మరి కొట్టంలో ఇంకేవైనా పశువులకి ఆ రోజు రక్తం తీశావా?"

తీయలేదు. కానీ ఆవిడ అడిగే కొద్దీ నాకే అనుమానం వచ్చింది. పైకి మోసుకెళ్లాక అత్తయ్య ఫ్రిజ్‌లో పెట్టాను, అక్కడేమైనా జరిగిందా? ఇంత చిన్న పనిలో తప్పు చేశానని మా గురువుగారికి తెలిస్తే మిగతా పదకొండింటినీ ఆయన నమ్ముతాడా?

"మళ్లీ తీసుకురా. ఈసారి తోక వెంట్రుకలు కూడా, కుదుళ్లతో సహా పీకి తీసుకురా" అంది మేడమ్.

మొగల్‌పురా

తిరుగు దారిలో ఆలోచిస్తూ ఒక స్టాపు ముందే దిగిపోయాను. మొగల్‌పురా అన్నారు. దారి అడిగితే ఒకాయన ఉర్దూలో, ఒకాయన తెలుగులో చెప్పారు. ఇద్దరూ చేయి చూపించింది వేర్వేరు సందుల్లోకి. ఒక పాత ఇంటి గేటు ముందు రెండుసార్లు తిరిగి తేలాక, అక్కడే ఉన్న చాయ్ హోటల్లో కూలబడ్డాను.

ఆడవాళ్లెవరూ లేరు. లేచి పోదామా అనుకునే లోపల ఒకాయన బల్ల తుడిచి, చాయ్‌తో పాటు ఒక పళ్లెంలో నాలుగు చిన్న సమోసాలు పెట్టి వెళ్లాడు. నేనడగలేదు. పెట్టారు కాబట్టి డబ్బులు కట్టాల్సిందేనని, ఆకలి లేకపోయినా నాలుగూ తిన్నాను. తరువాత చూస్తే పక్క బల్ల మీదాయన రెండు తిని, రెండు వదిలేసి, తిన్నవాటికే డబ్బిచ్చి వెళ్లాడు. ఇక్కడి పద్ధతే అంతట. మా ఒంగోలు హోటళ్లలో అడగందే మంచినీళ్లు కూడా రావు.

అక్కడ దొరికిన ఆటో రహీం భాయ్‌ది. అరవై దాటిన మనిషి. లాల్‌దర్వాజా మల్లేశం ఇల్లు అనగానే, "అరె, మల్లేశ్ ఘర్! బచ్‌పన్ సే మాలూం. చిన్నప్పటికెళ్లి ఆళ్లింటి పాలే తాగి పెరిగినం మేము" అన్నాడు. లాబ్ నుంచి నేను తిరిగి తెచ్చుకుంటున్న డబ్బా చూసి, "ఇందుల ఏముంది బేటీ, ఐస్‌క్రీమా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక అవునన్నాను.

మళ్లీ కొట్టంలోకి

రెండోసారి రక్తం అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. మల్లేశం ముఖం ఎర్రబడింది.

"మావోడి నెత్తుట్ల ఇంకోదాని నెత్తురు కలిసిందంటవా? ఏంది డాక్టరమ్మా, గిదేం మాట? మా జాతి పశువుల మీద గిసుంటి మాట ఎన్నడు వడలే."

"జాతి సంగతి కాదండీ. నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను."

"పొరపాటు జేసినోళ్లు మల్లొకసారి గుచ్చుతరా?"

వెనక మెట్ల మీద నిలబడ్డ మామయ్య గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఈశ్వరమ్మ కొట్టంలోంచే, "తియ్యనీ బిడ్డా. ఆమె జేసేది ఆమె చెయ్యనీ" అంది. మల్లేశం పక్కకు జరిగాడు.

రక్తం తీశాక తోక పట్టుకుని వెంట్రుకలు కుదుళ్లతో పీకాను. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ రాజన్న ఒక్క ఊపు ఊపింది. నేను గోడకు కొట్టుకున్నాను. ఈశ్వరమ్మ నా భుజం దులుపుతూ మొదటిసారి నవ్వింది.

"పుట్టిన్నాడు గుడ గిట్లనే సతాయించిండు. గుంజుతుంటే రాడు. చెల్లె అడ్డమున్నది గదా."

"చెల్లెలా?"

"గంటకు అదొచ్చింది. పెయ్య. రెండు గలిసే పుట్టినయి."

చేతిలో వెంట్రుకలు పట్టుకుని నేనలాగే ఉండిపోయాను. ఆవు కడుపులో ఆడా మగా కవలలైతే వాటికి రక్తాన్నందించే మావులు చాలా వరకు కలిసిపోతాయి. ఒకదాని నెత్తురు ఇంకోదానిలోకి పారుతుంది. అలా చెల్లెలి నెత్తురు కణాలు అన్నలో స్థిరపడిపోయి బతికున్నన్నాళ్లూ ఉంటాయి. నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఫొటోలో నాలుగు గీతలు చూసినప్పుడు మాత్రం సిరంజి గురించే ఆలోచించాను.

ఆ పాఠంలో రెండో సగం కూడా అప్పుడే గుర్తొచ్చింది. మగదాని హార్మోన్లు తగిలి ఆడపిల్ల గర్భసంచి సరిగా ఏర్పడదు. అలాంటి పెయ్య ఎన్నటికీ ఈనదు.

"ఆ పెయ్య ఎక్కడుంది పెద్దమ్మా?"

ఈశ్వరమ్మ నవ్వు ఆగిపోయింది. మల్లేశం జవాబిచ్చాడు. "యాకుత్‌పురల. మా చిన్నమ్మకిచ్చినం. పెనిమిటి పోయిండు, పాలమ్ముకొని బతుకుతదని అమ్మనే ఇప్పిచ్చింది. ఎన్ని తిప్పలు వడ్డా అది ఈనలే. తెలిసే గొడ్డుది అంటగట్టిండ్రని చిన్నమ్మ మాట బందు జేసింది. రెండేండ్లాయె, ఈ గడప తొక్కక."

మళ్లీ లాబ్

రక్తంలో మళ్లీ నాలుగు గీతలు. తోక వెంట్రుకల్లో రెండే, అవి రాజన్న సొంతవి. మేడమ్ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది. నేను కవలల సంగతి చెప్పాక కళ్లద్దాలు తీసి కాసేపు నవ్వింది. "నిన్ను అనుమానించాను, ఏమనుకోకు" అంది.

"మరి ఆబోతు పనికొస్తుందా మేడమ్?"

"వెంట్రుక అబద్ధం చెప్పలేదు, రక్తం అబద్ధం చెప్పలేదు. కానీ నువ్వడిగింది రెండూ చెప్పలేదు. ఇలా పుట్టిన వాటిలో బాగా పనిచేసినవీ ఉన్నాయి, చెయ్యనివీ ఉన్నాయి. నీ పట్టికలోంచి దీన్ని తీసెయ్."

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన ఆబోతు నా పరిశోధనలోకి రాదన్నమాట. గుర్తుల కోసం వచ్చి, గుర్తులు దొరికాక ఇంకా అయోమయంలో పడ్డాను. మల్లేశానికి అదే చెప్పాను.

"ఇంత నెత్తురు దీస్కపోయి తెల్వదంటవేంది?" అన్నాడు.

"తెలియదండీ. కొన్నాళ్లు దాటించకుండా ఉంచండి. వేరే పరీక్షలున్నాయి, ఇక్కడి ఆసుపత్రి డాక్టర్లకి రాసిస్తాను. అప్పటిదాకా అమ్మొద్దు."

ఆయన కోప్పడతాడనుకున్నాను. "అమ్మొద్దంటవు" అన్నాడు, మెల్లిగా. తర్వాత ఆ మాటే తల్లికి వినబడేలా గట్టిగా చెప్పాడు.

ఈశ్వరమ్మ నా దగ్గరికొచ్చి, "నా చెల్లె రుక్కమ్మకు నువ్వు జెప్పు. నేను జెప్తే ఇనది" అంది.

యాకుత్‌పురా

మర్నాడు పొద్దున్నే రహీం భాయ్ ఆటోలో వెళ్లాను. డబ్బాలో రక్తం ఉండేదని అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, "తోబా తోబా, నేనింకా మనవడికి ఐస్‌క్రీమడుగుదామనుకున్న" అన్నాడు.

రుక్కమ్మ ఇల్లు రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో, ఒకే గది. గోడవారన కట్టిన ఆవును చూసి ఆగిపోయాను. మెడ బలిసి ఉంది, నుదురు వెడల్పు. దూరం నుంచి కోడె అనుకుంటారు. రుక్కమ్మ మొదట నన్ను లోపలికి రానివ్వలేదు.

"డాక్టర్లు శానమంది వచ్చిండ్రు. సూదులిచ్చిండ్రు. ఇంకెన్ని?"

"సూది ఇవ్వను పెద్దమ్మా. ఒక్కసారి చూస్తాను."

చెయ్యి లోపలికి పోనిచ్చి వెతికాను. గర్భసంచి ఉండాల్సినచోట దారాల్లాంటివి తప్ప ఏమీ తగల్లేదు. చేతులు కడుక్కుని చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలేవీ రాలేదు. ఇది కడుపులో ఉన్నప్పుడే ఇలా అయింది, ఏ మందుకూ లొంగదు, ఏ మొక్కుకూ కాదు అని మాత్రం అనగలిగాను.

ఊరట పడుతుందనుకున్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

"గంతేనా? పుట్టిన్నాడే తెల్సుకోవచ్చునా?"

"కవలలని చెబితే, ఏ పశువుల డాక్టరైనా చూసి చెప్పొచ్చు."

"ఒక్కడు గుడ అడగలే. ఇది జంటపిల్లనా అని ఒక్కడడగలే" అంటూ గడప మీద కూర్చుంది. "గుళ్ల చుట్టు తిరిగిన. ఉపాసాలున్న. ఈ గల్లీల ఆడోళ్లు నా చెయ్యి మంచిది గాదన్నరు. పేరంటానికి పిలుసుడు బందు వెట్టిండ్రు."

అడగని ఆ డాక్టర్ల వరసలో నేనూ ఉన్నాను. లాబ్‌లో ఫొటో చూశాక కూడా నాకు తట్టలేదు.

ఆవిడే మళ్లీ అడిగింది. "అయితే అక్కకు తెల్వదా?"

"తెలియదు."

"నా తప్పు గుడ లేదు?"

"లేదు."

"మరి గిన్నొద్దులు నేనెవరి మీద కోపం వట్టిన?"

ఆవు ఆవిడ చీర కొంగు నాకుతోంది. దాన్నేం చేస్తారని అడగడానికి భయపడుతున్నాను. అది గ్రహించినట్టుంది. "దీన్ని యాడికి వంపను. రాజన్నకు బండి గట్టరు, దీనికి గడతా. మోయగల్గినంత మోస్తది, నాతోని ఉంటది" అంది.

తర్వాత, నాకు చెప్పిందంతా కాగితం మీద రాసిమ్మంది. రాశాను. సంతకం పెట్టాను. "సదువు" అంది. అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. వీధి మధ్యలో నిలబడి, నా రాతను నేనే గట్టిగా చదివాను. ఒకావిడకు అర్థం కాకపోతే రహీం భాయ్ ఉర్దూలో చెప్పాడు. పక్కింటావిడ రుక్కమ్మ వైపు చూసి, ఏదో అనబోయి, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. రుక్కమ్మ తాగలేదు, గ్లాసు మాత్రం తీసుకుంది.

కాగితం మడిచి రవికెలో పెట్టుకుని, "పోదాం పా" అంటూ ఆటో ఎక్కి కూర్చుంది.

తిరిగి లాల్‌దర్వాజా

పాల దుకాణం ముందు ఆటో ఆగాక రుక్కమ్మ దిగలేదు.

"నువ్వు వోయి చెప్పు ముందు" అంది.

నేను లోపలికి పోయేసరికి, ఆటో చప్పుడు విని ఈశ్వరమ్మే బయటికి వస్తోంది. మల్లేశం చెయ్యందిస్తే పట్టుకోలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి, ఆటో దాకా నడిచి, వంగి లోపలికి చూసింది. చెల్లెలు కదల్లేదు. దిగమని ఈవిడ అడగలేదు, ఎక్కమని ఆవిడా అనలేదు. కాసేపటికి ఈశ్వరమ్మ ఆటో కడ్డీ పట్టుకుని, కష్టంగా కాలు పైకెత్తి, ఎక్కి పక్కన కూర్చుంది. రుక్కమ్మ జరిగి చోటిచ్చింది.

రహీం భాయ్ ఇంజను ఆపేసి, తాళం చెవి తీసుకుని, చాయ్ తాగొస్తానని వెళ్లిపోయాడు. ఆటో సందుకు అడ్డంగా ఉండిపోయింది. వెనక ఒక స్కూటరాయన హారన్ కొట్టాడు. మల్లేశం చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. ఎందుకో ఆయన కూడా ఆగాడు.

లోపల ఇద్దరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఏమంటున్నరు?" అన్నాడు మల్లేశం నాతో.

చెవి పెట్టి విన్నాను. రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయి. ఏ మాట ఎవరిదో నాకు తెలియలేదు.